విక్టోరియా కాలపు నాటకానికి నగలు: సొంతంగా తయారు చేసుకునే పద్ధతి

కాలేజీలో ఇంగ్లిష్ నాటకం వేసే పిల్లలు, అమెరికాలో, దుబాయిలో తెలుగు అనువాదాలు ఆడే సంఘాలవాళ్ళు ఒకే మాట అడుగుతున్నారు: "గౌన్లు ఎలాగో కుట్టించాం, నగల సంగతేమిటి?" పెళ్ళి నగలు అద్దెకిచ్చే షాపు నుంచి తెచ్చి పెడితే దొరసాని కాస్తా పెళ్ళికూతురవుతుంది. గిల్టు షాపు సన్నగొలుసులు పెడితే మూడో వరస దాటాక మెడ బోసిగానే ఉంటుంది.

విక్టోరియా రాణి ఏలిన 1837–1901 మధ్య ఇంగ్లండులో జరిగే కథకు నగలు ఎలా చేసుకోవాలో వరసగా చెబుతాను. మొదలుపెట్టే ముందు ఒక్క సంగతి. స్టేజి నగను చేతిలో పట్టుకుని మెచ్చుకోకండి. చేతిలో మోటుగా ఉన్నదే వెనక వరసకు నాజూగ్గా కనిపిస్తుంది. ఈ మాట మనసుకు ఎక్కకపోతే కింద రాసినవన్నీ చేసినా నగ తేలదు.

1. రాళ్ళు కొనకముందు తేల్చుకోవలసినవి

*ఏ సంవత్సరం?* "విక్టోరియా కాలం" అంటే చాలదు, అది 64 ఏళ్ళు. కథ 1840ల్లో జరిగితే పాము ఆకారపు నగలు, వెంట్రుకలు దాచుకునే లాకెట్లు, బట్టకు గుచ్చుకునే నీలిరాళ్ళ చిన్న బ్రూచీలు సరిపోతాయి. రాణికి కాబోయే భర్త ఆల్బర్ట్ తొడిగిన నిశ్చితార్థపు ఉంగరం కూడా పామే. 1861 డిసెంబరులో ఆల్బర్ట్ పోయాక రాణి నల్లబట్టలు వదల్లేదు. 1860, 70ల్లో నల్లనగలు, పెద్ద లాకెట్లు, బరువైన బంగారు పనితనం ఎక్కువ. 1880, 90లకు వచ్చేసరికి నగలు చిన్నవయ్యాయి. నక్షత్రాలు, నెలవంకలు, మెడను పట్టేసే ముత్యాల పట్టీలు, రాత్రి విందులకు టియారాలు, అంటే తల మీద పెట్టుకునే వంపు కిరీటాలు, వచ్చాయి.

*ఏ వెలుగు?* లండన్‌లో డ్రూరీ లేన్, కోవెంట్ గార్డెన్ థియేటర్లు 1817లో గ్యాస్ దీపాలకు మారాయి. సవాయ్ థియేటర్ 1881లో కరెంటు దీపాలు పెట్టింది. నడుమ ఉన్న కాలమంతా పసుపు వన్నె, కాస్త కదిలే మంట. అప్పటి స్టేజి నగలు ఆ మంటకు తగ్గట్టు తయారైనవి. మీ హాల్లో ఉన్నవి కదలని ఎల్ఈడీ దీపాలు. కాబట్టి అప్పటి నగను అచ్చంగా దింపినా అప్పటి మెరుపు రాదు, ఆ లోటును వేరే ఉపాయంతో పూడ్చాలి. ఐదో భాగంలో ఆ సంగతి ఉంది.

*ఎంత దూరం?* చూపు బాగున్న మనిషికి కూడా 10 మీటర్ల దూరంలో సుమారు 3 మిల్లీమీటర్లు, 20 మీటర్ల దూరంలో సుమారు 6 మిల్లీమీటర్లకు తక్కువైన వివరం విడిగా తెలియదు. మెరుపు తెలుస్తుంది గానీ ఆకారం తెలియదు. హాలుకు వెళ్ళి స్టేజి అంచు నుంచి నడిమి వరసకు టేపుతో కొలవండి. ఆ దూరానికి వచ్చిన అంకెకు రెట్టింపు సైజులో మీ ప్రధాన రాయి ఉండాలి. ఇది పుస్తకాల లెక్క కాదు, నేను వాడే లెక్క.

2. ఎవరికి ఏ నగ

స్క్రిప్టు ముందేసుకుని ఒక్కో పాత్రకు, ఒక్కో సీనుకు రాసుకోండి. పగటి సీనా, రాత్రి సీనా అన్నది ముఖ్యం. పగటిపూట వజ్రాలు పెట్టుకోవడం అప్పటి మర్యాద కాదు. పొద్దున్న టీ తాగే సీనులో టియారా పెట్టుకున్న దొరసానిని చూస్తే ఆ కాలం తెలిసినవాళ్ళు నవ్వుకుంటారు.

- పెళ్ళికాని అమ్మాయి: ఒంటిపేట ముత్యాలు, పగడం, చిన్న లాకెట్టు, తలలో పూలు. టియారా వద్దు.
- పెళ్ళయిన సంపన్నురాలు: రాత్రికి టియారా, మెడపట్టీ, జాకెట్టు మీద బ్రూచి, చేతి తొడుగు మీద కంకణం.
- వితంతువు: నగంటూ పెడితే నల్లదే. మొదటి ఏడాది పైచిలుకు మెరుపులేని క్రేప్ బట్ట.
- ముసలి దొరసాని: ఒక తరం వెనకటి నగ. కథ 1895లో జరుగుతుంటే ఈమెకు 1865 నాటి పెద్ద లాకెట్టు పెట్టండి, వయసు, హోదా ఒక్కసారి తెలుస్తాయి.
- పనిమనిషి: ఏమీ వద్దు. సెలవురోజైతే కాలరు దగ్గర ఒక బ్రూచి.
- మగవాళ్ళు: వెయిస్టుకోటు గుండీ కాజా నుంచి జేబులోకి గడియారపు గొలుసు, ఒక ఉంగరం, రాత్రికి చొక్కా గుండీలు. అంతే. మన అబ్బాయిలకు నాలుగు ఉంగరాలు తొడగాలన్న సరదా ఉంటుంది, తీసేయించండి.

జాబితా అయ్యాక సగం కొట్టేయండి. ఒక సీనులో ముగ్గురికి టియారాలుంటే ఎవరు గొప్పింటిదో తెలియదు.

3. సామాను

అప్పటి లండన్ నాటకాల్లో నగలకు జింకు పోతపోసేవారు. డేవిడ్ లోగీ అనే ఆయన పేరు మీద వాటిని 'లోగీలు' అనేవారు. బట్ట మీద రేకు తళుకులు, వెనక రంగురేకు వేసిన గాజురాళ్ళు, కాగితపు గుజ్జుతో చేసిన కిరీటాలు కూడా వాడేవారు. మనకు జింకు పోత అక్కర్లేదు.

- ఈవీఏ ఫోమ్ (మెత్తటి రబ్బరులాంటి) షీట్లు, 2, 5 మిల్లీమీటర్ల మందం
- టైలర్లు వాడే గట్టి బక్రం
- 2 మిల్లీమీటర్ల అల్యూమినియం తీగ, సన్నటి బైండింగ్ తీగ
- అడుగు చదునుగా ఉండే ఆక్రిలిక్ రాళ్ళు: 6, 10, 12, 14 మిల్లీమీటర్లు
- ముత్యాల్లాంటి ప్లాస్టిక్ పూసలు, 8 మిల్లీమీటర్లు, అంతకు పైన
- ముఖాలు తీర్చిన నల్లపూసలు, నల్లటి కోటుగుండీలు
- తెల్ల ఫెవికాల్, నెమ్మదిగా ఆరే రకం అరల్డైట్, ఎం-సీల్
- నలుపు, ముదురు గోధుమ, మెరుపు తక్కువైన బంగారు, వెండి రంగుల ఆక్రిలిక్ పెయింట్
- టిచ్ బటన్లు, హుక్కులు, ఎలాస్టిక్ దారం, ఒంటిరంగు నెట్టు బట్ట
- ముక్కు పట్టకారు, కత్తెర, పదునైన కట్టర్

హైదరాబాద్‌లో రాళ్ళకు లాడ్ బజార్, పూసలు, లేసులు, గుండీలకు సికింద్రాబాద్ జనరల్ బజార్, టోకున కావాలంటే బేగం బజార్ చాలు. లాడ్ బజార్‌లో లక్క గాజుల మీద అతికే రాళ్ళు అడగండి. వెనక రేకు వేసినవే ఇస్తారు, మనకు కావలసింది అవే.

ఒక హెచ్చరిక. ఎవరి ఇంట్లోనైనా నిజంగా ఆ కాలపు నగలు, తల అలంకారాలు ఉన్నాయంటే స్టేజి మీదికి తేకండి. పాత గాజురాళ్ళలో సీసం ఉంటుంది, సెల్యులాయిడ్ అనే పాతకాలపు ప్లాస్టిక్ వస్తువులు ఇట్టే అంటుకుంటాయి. అప్పటి కృత్రిమ పూల ఆకులకు వేసిన ఆకుపచ్చ రంగులో పాషాణం (ఆర్సెనిక్) ఉండేది. లండన్‌లో ఆ ఆకులకు రంగుపొడి అద్దే పని చేసిన మటిల్డా ష్యూరర్ అనే 19 ఏళ్ళ అమ్మాయి 1861లో ఆ విషంతోనే చనిపోయింది.

4. టియారా: అడుగు నుంచి పైకి

అన్నిటికన్నా ఎక్కువ మంది చెడగొట్టేది దీన్నే. షాపుల్లో దొరికే అందాలపోటీ కిరీటం కొనేస్తారు. అది నిటారుగా నిలబడుతుంది. ఆ కాలపు టియారా జుట్టు ముడిని ఆనుకుని, చెవి నుంచి చెవికి వంపు తిరిగి, కొంచెం వెనక్కి వాలి ఉంటుంది.

1. విగ్గు లేదా ముడి పెట్టిన *తరవాతే* కొలత తీసుకోండి. నుదుటి జుట్టు అంచుకు రెండు వేళ్ళు వెనకగా, ఒక చెవి పైనుంచి ఇంకో చెవి పైదాకా టేపు పెట్టండి.

2. అంత పొడవు కాగితాన్ని మధ్యకు మడిచి సగం డిజైను గీయండి. మధ్యలో 6 సెంటీమీటర్ల ఎత్తు, చివర్లలో 2. మడత మీదే కత్తిరిస్తే రెండు పక్కలూ ఒకేలా వస్తాయి. మధ్యలో ఒక పెద్ద ఆకు, ఇటూ అటూ మూడేసి చుట్టలు చాలు. చుట్టల మధ్య ఖాళీలు ధారాళంగా వదలండి. వెనక నల్లజుట్టు కనిపిస్తేనే డిజైను చదవగలుగుతాం.

3. బక్రాన్ని 2 సెంటీమీటర్ల పట్టీగా కత్తిరించి, అంచుల చుట్టూ అల్యూమినియం తీగ పెట్టి కుట్టండి. మీద జుట్టురంగు బట్ట చుట్టండి. తల మీద బరువు మోసేది ఇదే.

4. డిజైనును 5 మిల్లీమీటర్ల ఫోమ్ మీద కత్తిరించండి. మీద కట్టరుతో లోతు తక్కువ గీతలు పెట్టి, మధ్యలో కాగితం వేసి ఇస్త్రీపెట్టెతో క్షణం వేడి తగిలించండి. గీతలు విచ్చుకుంటాయి. వేడిగా ఉండగానే తలంత గుండ్రటి గిన్నె మీద వంచి చల్లారనివ్వండి.

5. ఫెవికాల్లో సమానంగా నీళ్ళు కలిపి రెండు పూతలు వేయండి. ఒక పూత పూర్తిగా ఆరాకే రెండోది. ఈ మెట్టు ఎగ్గొడితే ఫోమ్ రంగును పీల్చేసి బూడిదగా మిగులుతుంది.

6. మొత్తం నలుపు వేయండి. ఆరాక దాదాపు పొడిగా ఉన్న బ్రష్షుతో ఎత్తు భాగాల మీద మాత్రమే వెండి రంగు లాగండి. లోతుల్లో నలుపు మిగలాలి. దూరం నుంచి పనితనంగా కనిపించేది ఆ నలుపే.

7. రాళ్ళు అతికి, రాత్రంతా వదిలి, తరవాత ఫోమును బక్రం పట్టీకి దారంతో కుట్టండి. జిగురు ఒక్కదాన్నే నమ్మకండి.

8. పట్టీ రెండు చివర్లా, మధ్యలో తీగ రింగులు పెట్టండి. జుట్టుపిన్నులు వీటిలోంచి ఒకదానికొకటి అడ్డంగా పోవాలి.

తూకం వేయండి. 150 గ్రాములు దాటితే రెండో అంకానికి నటి మెడ బిగుసుకుంటుంది. ఫోమ్ దొరకనివాళ్ళు కొండపల్లి బొమ్మలు చేసే తెల్లపొనికి చెక్కను చెక్కుకోవచ్చు, అదీ తేలికే.

5. రాయి వెనక ఏముందన్నదే అసలు పని

అడుగు చదునుగా ఉన్న రాయి తనంతట తాను మెరవదు. ముందునుంచి వచ్చిన వెలుగు వెనక రేకు మీద పడి తిరిగొస్తేనే మెరుపు. విక్టోరియా కాలపు పనివాళ్ళు గాజురాయి వెనక రంగురేకు పెట్టి, గాలి చొరకుండా లోహపు గిన్నెలో మూసేవారు. మన కుందనపు పనిలో రాయి కింద రేకు పెట్టడం కూడా ఇలాంటిదే, కాబట్టి మనకు ఇదేమీ కొత్త విద్య కాదు.

పెద్ద రంగురాయి కావాలంటే ఇలా చేయండి:

- 14 మిల్లీమీటర్ల రంగులేని ఆక్రిలిక్ రాయి తీసుకోండి, వెనక రేకు లేనిది.
- వెనక వైపు గ్లాస్ పెయింట్ ఒక పల్చటి పూత వేయండి. చిక్కగా వేస్తే రాయి చచ్చిపోతుంది.
- చాక్లెట్ చుట్టే వెండిరేకును కొంచెం నలిపి, వేలితో మళ్ళీ సాపు చేయండి. ఆ ముడతలు కొత్త ముఖాలుగా పనిచేస్తాయి.
- రేకు మీద అరల్డైట్ చుక్క పెట్టి రాయిని దించండి. బుడగలు రాకుండా మధ్య నుంచి అంచులకు నొక్కండి.
- చుట్టూ 2 మిల్లీమీటర్ల ఫోమ్ అంచు కట్టి బంగారు రంగు వేయండి.

వెంటనే అతికే సూపర్‌గ్లూ వాడకండి. దాని ఆవిరికి ఆక్రిలిక్ మసకబారుతుంది, రేకు తెల్లబడుతుంది. గ్లూ గన్ జిగురు నున్నటి రాయిని పట్టుకోదు, దీపాల వేడికి మెత్తబడి రాయి రాలిపోతుంది.

ఇక కదలని ఎల్ఈడీ సంగతి. దీపం కదలదు కాబట్టి రాయే కదలాలి. ఆ కాలపు ఖరీదైన బ్రూచీల్లో పువ్వును సన్నటి స్ప్రింగు మీద నిలబెట్టేవారు, మనిషి ఊపిరి తీసినా పువ్వు వణికేది. బాల్‌పెన్ను స్ప్రింగు ఒకటి తీసి, ఒక చివర బ్రూచి అడుగుకు, ఇంకో చివర పూరేకుకు తీగతో బిగించండి. టియారా మధ్య ఆకును, తలలో పెట్టే నక్షత్రాలను ఇలాగే చేయండి. నగంతా చేయొద్దు. ఒకటో రెండో వణికితే అందం, అన్నీ వణికితే నటికి జ్వరమొచ్చినట్టుంటుంది.

చిన్న ముక్కలు వందల్లో వాడి మెరిపించాలంటే గుర్తుంచుకోవలసిన ఉదాహరణ ఉంది. 1888లో లండన్ లైసియం థియేటర్‌లో నటి ఎలెన్ టెర్రీ లేడీ మక్బెత్‌గా వేసుకున్న ఆకుపచ్చ గౌను నిండా నిజమైన పురుగు రెక్కలు కుట్టారు. డిజైను ఆలిస్ కామిన్స్ కార్‌ది. ఆ గౌనులో ఆమెను చిత్రకారుడు జాన్ సింగర్ సార్జెంట్ గీసిన బొమ్మ ఇప్పటికీ టేట్ గ్యాలరీలో ఉంది. ఆకుపచ్చగా, ఊదాగా తిరిగే ఆ రెక్కల్ని మలమలు బట్ట మీద కుట్టే పని మన దేశం నుంచి ఇంగ్లండుకు ఎగుమతి అయిన పనే. ఇప్పుడు పురుగుల జోలికి పోనక్కర్లేదు. ఫ్యాన్సీ షాపులో దొరికే ప్లాస్టిక్ గోళ్ళకు నల్లరంగు వేసి, మీద ఆకుపచ్చ, ఊదా మెరుపు నెయిల్ పాలిష్ పూయండి. వంపు కూడా అచ్చం రెక్కలాగే ఉంటుంది. గోరు పై చివర వేడి సూదితో చిల్లు పెట్టి, కింది సగం వదులుగా ఉండేలా కుట్టాలి. వదులుగా ఉంటేనే నడకకు తళతళలాడతాయి.

6. నల్లనగలు

అప్పటి మంచి నల్లనగలు యార్క్‌షైర్ తీరంలోని విట్బీ పట్నం నుంచి వచ్చేవి. వాటిని 'జెట్'తో చేసేవారు. రాయిగా మారిన చెట్టు అది, తేలికగా ఉంటుంది. కొనలేనివాళ్ళు నల్లగాజు, గట్టిపరచిన రబ్బరు వాడేవారు. కాబట్టి ప్లాస్టిక్ నల్లపూస వాడితే అపచారమేమీ లేదు.

ఇక్కడ అందరూ పడే గుంట ఒకటే: నల్లబట్ట మీద నల్లనగ. ఐదో వరసకు అది ఉందో లేదో తెలియదు. విరుగుడు ఇది:

- బట్ట మెరవకూడదు, నగ బాగా మెరవాలి. శాటిన్ గౌను మీద నల్లనగ పెట్టడం శుద్ధ దండగ.
- పూస 12 మిల్లీమీటర్లకు తగ్గొద్దు. నున్నటి గుండ్రటి పూస కాదు, ముఖాలున్నది.
- శిలువ లాకెట్టును ఫోముతో చేసి నల్ల ఎనామెల్ వేయండి. ఒక పక్క అంచు మీద మాత్రమే బూడిద రంగు సన్నగీత లాగండి, వెలుగు ఏ వైపు నుంచి వస్తుందో ఆ వైపు.
- మెడకు, పూసల దండకు మధ్య తెల్లటి కాలరు అంచు కొంచెం కనబడనివ్వండి, దర్శకుడు ఒప్పుకుంటే.

చవగ్గా కావాలంటే పాత కోటుల నల్లగుండీలను బక్రం పట్టీ మీద వరసగా కుట్టి మెడపట్టీ చేయవచ్చు. నిజానికి పూసల దండకన్నా ఇదే బాగా తేలుతుంది.

7. కథలో పని ఉన్న నగ: పాము కంకణం

కొన్ని నగలు అలంకారానికి కాదు, కథ నడపడానికి. ఆస్కార్ వైల్డ్ రాయగా 1895లో వచ్చిన నాటకం 'యాన్ ఐడియల్ హజ్బెండ్' వేసేవాళ్ళు ఎక్కువగా అడిగేది ఇదే. కెంపు పొదిగిన పాము బ్రూచి సోఫాలో దొరుకుతుంది. తరవాత మూడో అంకంలో లార్డ్ గోరింగ్ అనే పాత్ర దాన్నే కంకణంగా మిసెస్ చెవ్లీ చేతికి బిగిస్తాడు. ఆమె ఎంత గుంజినా ఊడదు.

అంటే మనకు కావలసినవి: ఒంటిచేత్తో తొడగగలగాలి, గుంజినా తెగకూడదు, తెర పడగానే సులువుగా రావాలి. తాళం, కొక్కెం వద్దు. తాళం ఉంటే ఏదో ఒక రోజు నిజంగానే బిగుసుకుంటుంది. స్ప్రింగు వాడండి.

1. గాజులు చేసేవాళ్ళ దగ్గర దొరికే మెమరీ వైర్, చుట్టలా ఉండే ఉక్కు తీగ, రెండుంబావు చుట్లు తీసుకోండి. నటి చేతి తొడుగు వేసుకున్నాక కొలవండి. మామూలు కత్తెరతో కోస్తే కత్తెర పోతుంది, గట్టి కట్టింగ్ పట్టకారు కావాలి.

2. రెండు చివర్లనూ ముక్కు పట్టకారుతో చిన్న రింగుగా లోపలికి వంచేయండి. మొన వదిలితే చెయ్యి చీరుకుపోతుంది.

3. సాగే బట్టతో చిటికెన వేలంత గొట్టం కుట్టి తీగకు తొడగండి. లోపల కొంచెం దూది పెట్టండి.

4. పెద్ద చమ్కీలను పొలుసుల్లా కుట్టండి. తోక దగ్గర మొదలుపెట్టి తలవైపు రావాలి. ప్రతి వరసా ముందు వరస కుట్టును కప్పుతుంది. తల నుంచి మొదలుపెడితే పొలుసులు ఎదురు తిరిగి లేసును పీకుతాయి.

5. తలకు ఎం-సీల్ రెండు ముద్దలనూ రంగు ఒకటయ్యేదాకా పిసికి, 3 సెంటీమీటర్ల పొడవున తీగ చివర రింగు మీద మలచండి. మెత్తగా ఉండగానే నడినెత్తిన 12 మిల్లీమీటర్ల రాయికి గుంట చేయండి. రాత్రంతా గట్టిపడనివ్వండి.

6. రాయి, కళ్ళు, రంగు. కడుపు వైపు ఉత్తుత్తి పిన్నీసు ఒకటి అతికితే సోఫాలో దొరికినప్పుడు బ్రూచి అని నమ్ముతారు. దాని మొన తుంచేయడం మరవకండి.

తొడిగే నటుడు చుట్టను విప్పుతూ తిప్పి వదిలేస్తే అదే పట్టుకుంటుంది. ఊడదన్నట్టు నటించడం ఆమె పని. ఆమె పైనుంచి కిందికి లాగాలి, తిప్పకూడదు. తిప్పితే నిజంగానే వచ్చేస్తుంది. ఇలాంటి నగ ఎప్పుడూ రెండు చేయండి, మొదటి రిహార్సల్ నుంచే ఒకటి వాళ్ళ చేతికివ్వండి.

8. బంగారు రంగు

డబ్బాలోంచి వచ్చిన పసుపు బంగారం పైనుంచి కిందిదాకా పూస్తే గుడి హుండీలా ఉంటుంది. ఇంగ్లండులో 1854 నుంచి 15, 12, 9 క్యారెట్ల బంగారానికి కూడా చట్టం ఒప్పుకుంది. రాగి కలిసిన తక్కువ క్యారెట్టు నగ మన 22 క్యారెట్ల పసుపులో ఉండదు, కొంచెం ఎర్రగా, మెరుపు తక్కువగా ఉంటుంది.

అడుగున ముదురు గోధుమ. దాని మీద మెరుపు తక్కువైన బంగారంలో చిటికెడు ఎరుపు కలిపి. అన్నిటికన్నా ఎత్తైన చోట్ల మాత్రం మెరిసే బంగారం, వేలి కొసతో అద్దండి. ఇంతే.

9. ఒంటికి బిగించడం

- కంఠహారాన్ని ఒంటిరంగు నెట్టు ముక్క మీద కుట్టేయండి. వంగినప్పుడు ఎగరదు, చప్పుడు కాదు.
- మెడవెనక హుక్కుకు ముందు రెండు అంగుళాలు ఎలాస్టిక్ దారం పెట్టండి. ఎవరి గుండీకైనా తగులుకుంటే సాగుతుంది, పీక నొక్కదు.
- బ్రూచికి పిన్నీసు వద్దు. గౌనుకు ఒకటి, బ్రూచికి ఒకటి చొప్పున రెండు జతల టిచ్ బటన్లు. చీకట్లో కూడా పెట్టవచ్చు.
- చెవిపోగులు ఒక్కోటి 10 గ్రాములు దాటకూడదు.
- గడియారపు గొలుసు చివర గడియారం అక్కర్లేదు. ఒక ఇనుప వాషరు కడితే గొలుసు సరిగ్గా వేలాడుతుంది. అతను జేబులోంచి తీసి టైము చూడాలంటే మాత్రం నిజమైనది పెట్టండి.

10. దీపాల కింద పరీక్ష, సరిదిద్దుకోవడం

లైట్ల రిహార్సల్ రోజు నగలన్నీ పెట్టించి, మీరు మధ్య వరసలో, తోడు ఇంకొకరు చివరి వరసలో కూర్చోండి. నగ పక్కన నిలబడి చూసే రిహార్సల్ వల్ల ఉపయోగం లేదు.

*కళ్ళలో పొడుస్తోంది.* పెద్ద రాయి వెలుగును నేరుగా ప్రేక్షకుల మీదికి కొడుతోంది. ఎండు సబ్బుముక్కను రాయి మీద ఒక్కసారి రుద్దండి, మెరుపు తగ్గుతుంది. ఎక్కువైతే తడిగుడ్డతో తుడిచేయవచ్చు, రేకు వెనక్కి నీళ్ళు పోకుండా.

*కెంపు నల్లబడింది.* సీనులో నీలి లైటు ఉంది. రాయిని మార్చినా ఫలితం ఉండదు. లైట్లు చూసే వ్యక్తిని అడిగి ముందునుంచి పసుపు వన్నె దీపం ఒకటి కలిపించండి. ఒప్పుకోకపోతే ఎరుపు పూతను ఇంకా పల్చన చేసి, వెనక రేకును సాపుగా మార్చండి.

*ముత్యాలు ప్లాస్టిక్‌లా ఉన్నాయి.* మరీ తెల్లగా ఉన్నాయన్నమాట. గిన్నెలో వేడి తగ్గిన పల్చటి టీ డికాక్షన్ పోసి, ఒక పూస వేసి చూడండి. రంగు పట్టకపోతే పూసల మధ్య కుట్టే దారాన్ని గోధుమరంగుకు మార్చండి, ఆ నీడకే తేడా తెలుస్తుంది.

*మైకులో గరగర.* కాలరు మైకుకు గొలుసు తగులుతోంది. మైకును జుట్టు అంచుకు మార్చించండి. కుదరకపోతే గొలుసు లోపలి వైపు నెట్టు ముక్క అతికండి.

*ఏదీ విడిగా తెలియడం లేదు, అంతా ఒక్క ముద్దలా ఉంది.* రాళ్ళు ఎక్కువయ్యాయి. మూడోవంతు పీకేసి, ఆ ఖాళీల్లో నలుపు వేయండి. కష్టపడి అతికిన రాళ్ళు పీకడానికి ఎవరికీ చేతులు రావు, అందుకే ఈ పని నగ చేసినవాళ్ళకు కాకుండా వేరే వాళ్ళకు అప్పగించండి.

*వీడియోలో మిణుకుమిణుకుమంటోంది.* హాలుకు బాగున్న మెరుపు కెమెరాకు ఎక్కువే. రికార్డింగు రోజు ఒక్కదానికే సబ్బు పూత సరిపోతుంది.

11. ప్రదర్శన రోజులు

ప్రతి పాత్రకు ఒక డబ్బా, మూత మీద పాత్ర పేరు, సీన్ల వరస. డబ్బా అడుగున స్పాంజి వేసి ఒక్కో నగ ఆకారంలో గుంట కోయండి. గుంట ఖాళీగా కనిపిస్తే నగ ఎక్కడో ఉండిపోయిందని వెంటనే తెలుస్తుంది.

మరమ్మతు సంచిలో ఉండవలసినవి:

- ప్రతి సైజులో నాలుగేసి అదనపు రాళ్ళు, ముందే రేకు అతికినవి
- రెండు వైపులా అంటుకునే టేపు. ప్రదర్శన మధ్యలో అరల్డైట్ ఆరేదాకా ఎవరూ ఆగరు
- సూది, నలుపు, తెలుపు, ఒంటిరంగు దారాలు
- జుట్టుపిన్నులు, టిచ్ బటన్లు, ముక్కు పట్టకారు
- సబ్బుముక్క, పొడి మెత్తటి గుడ్డ

నగలు పెట్టుకున్నాక హెయిర్ స్ప్రే కొట్టనివ్వకండి. ముందు స్ప్రే, తరవాత నగ. స్ప్రే పొర పడితే రాళ్ళు మసకబారతాయి, రేకు అంచులు లేస్తాయి.

ప్రదర్శనలు అయిపోయాక చెమట తగిలిన చోట్ల పొడిగుడ్డతో తుడిచి, ఒక రాత్రి గాలికి ఆరబెట్టి, పల్చటి కాగితంలో విడివిడిగా చుట్టండి. ప్లాస్టిక్ సంచిలో బిగించి అటక మీద పడేస్తే మన ఉక్కపోతకు రేకు నల్లబడుతుంది. ఒకసారి నల్లబడ్డ రేకు మళ్ళీ మెరవదు. ఆ రాయిని పీకి కొత్తరేకు వేసుకోవడమే. పాము కంకణాన్ని మాత్రం చుట్టలాగే ఉంచండి, సాగదీసి పెడితే తీగ పట్టు వదిలేస్తుంది.